తల్లికి సంరక్షణ భత్యమా, మండలానికో పగటి కేంద్రమా?

అనంతపురం, ఇద్దరు పిల్లల తల్లి:

తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డను ఇంట్లో చూసుకుంటున్న తల్లికి ప్రభుత్వం నెలనెలా సంరక్షణ భత్యం ఇవ్వాలా, లేక అదే సొమ్ముతో మండలానికొక పగటి సంరక్షణ కేంద్రం నడిపి ఆమె పనికి వెళ్లే వీలు కల్పించాలా అన్నది నేను చర్చకు పెడుతున్న ప్రశ్న. నేను భత్యం వైపున ఉన్నాను.

నాకు ఏడో తరగతి చదివే కూతురు, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పదేళ్ల కొడుకు ఉన్నారు. బాబు మెడ నిలబెట్టలేడు, నమలలేడు. సంగటిని పప్పుచారులో జారుగా కలిపి, వాణ్ని నా మోకాలికి ఆనించి కూర్చోబెట్టుకొని, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి, గొంతు కదలికను బట్టి మింగాడని తెలుసుకున్నాకే రెండో ముద్ద పెట్టాలి. తొందరపడితే పొలమారుతుంది; మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియాకు దారి తీస్తుంది. ఒక్కో పూటకు దాదాపు గంట పడుతుంది. ఆ గంటలోనే పాప తన జడ తానే వేసుకొని, క్యారియర్ తానే కట్టుకొని బడికి వెళ్లిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచానికే పరిమితమైన కొన్ని స్థితుల్లో 15,000 ఇస్తున్నారు. ఇది చిన్న మేలు కాదు. అయితే ఆ డబ్బు బిడ్డది. డైపర్లకు, మూర్ఛ మందులకు, ఫిజియోథెరపీకి వెళ్లే ఆటోకు ఖర్చయిపోతుంది. కలుపుకో శెనక్కాయ కోతకో వెళ్లలేక నేను పోగొట్టుకున్న కూలి అందులో ఎక్కడా లెక్కకు రాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో, అధిక తోడ్పాటు అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం గురించి స్పష్టంగానే ఉంది. కేరళలో ఆశ్వాసకిరణం పథకం కింద ఇలాంటి సంరక్షకులకు నెలకు 600 రూపాయలు ఇస్తున్నారు. మొత్తం తక్కువే కావచ్చు, కానీ ఆ పనిని పనిగా ఒప్పుకున్నారు. మనం ఎందుకు ఒప్పుకోకూడదు?

కర్నూలు, విశ్రాంత ఉద్యోగి, మేధో వైకల్యం ఉన్న యువకుడి తండ్రి:

అమ్మా, మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ భత్యం తల్లి పేరున మొదలైతే, బిడ్డను చూసుకోవడం తల్లి ఒక్కరి బాధ్యత అని ప్రభుత్వమే ముద్ర వేసినట్లవుతుంది. నీకు డబ్బు వస్తోంది కదా, ఇంట్లోనే ఉండు అని మొదట అనేది అత్తవారూ భర్తలే. మా ఇంట్లో ఇరవై ఏళ్లు నా భార్య గడప దాటలేదు. ఆమె ఆరోగ్యం దెబ్బతిన్నాక అబ్బాయికి స్నానం చేయించడం నా వంతు వచ్చింది. అది ముందునుంచీ నేనూ చేయగలిగిన పనే. మనం పోయిన తర్వాత ఈ పిల్లలు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు నెలవారీ డబ్బు జవాబు చెప్పదు, సంరక్షణ కేంద్రం చెప్పగలదు. కాబట్టి ప్రభుత్వం ముందుగా కట్టడానికి, మనుషులకు, వాహనానికి ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.

కడప, ప్రత్యేక ఉపాధ్యాయురాలు:

సార్ చెప్పిన సూత్రం సరైనదే. అయితే సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి. అక్కడికి రాలేని పిల్లల ఇళ్లకు మేమే వెళ్లి నేర్పుతాం. మా పని చదువు, థెరపీ. రోజంతా ఒక బిడ్డకు తినిపించడం, బట్టలు మార్చడం, పడుకోబెట్టి పక్క తిప్పడం మా విధుల్లో లేదు, దానికి తగిన ఆయాలూ లేరు. పిల్లవాణ్ని చంకనెత్తుకొని బస్సు మెట్లెక్కి వచ్చిన తల్లి, వాడి థెరపీ అయ్యేవరకు వరండాలోనే కూర్చుంటుంది. 2025 ఆగస్టు నుంచి మహిళలకు బస్సు ఉచితమై టిక్కెట్టు ఖర్చు తగ్గింది, కానీ ఆ పూట కూలి మాత్రం తిరిగి రాదు. కేంద్రం ఉంటే తల్లి పనికి వెళ్లగలదని వాదించేవారు ఈ వరండాలను ఒకసారి చూడాలి.

మరొక చిక్కు వేసవిది. బడులతోపాటు మా కేంద్రాలూ మూతపడతాయి. మన జిల్లాల్లో ఉపాధి హామీ పనులు జోరుగా సాగేది సరిగ్గా ఆ నెలల్లోనే.

ఆదోని, డిగ్రీ విద్యార్థిని, మాట రాని తమ్ముడి అక్క:

పెద్దలందరూ తల్లి గురించే మాట్లాడుతున్నారు, మేడం కూడా. వైకల్యం లేని బిడ్డ సంగతి కూడా ఈ చర్చలోకి రావాలి. మా వైపు పంట కోతలైతే సుగ్గికని, అంటే వలస కూలికని, గుంటూరు మిరప చేలకు ఊళ్లకు ఊళ్లే కదులుతాయి. అమ్మానాన్నలు వెళ్లినన్నాళ్లూ తమ్ముణ్ని నేనూ అవ్వా చూసుకున్నాం. పదో తరగతి నోట్సు ఒక చేత్తో రాస్తూ, వాడు గోడకు తల కొట్టుకోకుండా రెండో చెయ్యి అడ్డుపెట్టి కూర్చునేదాన్ని. వాణ్ని ప్రేమించడానికి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ నన్ను అడగకుండానే నాకు ఒక ఉద్యోగం ఇచ్చేశారు. భత్యం ఇచ్చినా ఆ డబ్బుతో అమ్మ పూర్తిగా ఇంట్లో ఉండగలిగేంత మొత్తం రాదు. మిగిలిన పని మళ్లీ అక్కల మీద, ముఖ్యంగా ఆడపిల్లల మీద పడుతుంది. అందుకే నేను కేంద్రం వైపున ఉన్నాను, అయితే అది బడి గంటల ప్రకారం కాక కూలి గంటల ప్రకారం తెరవాలి.

అనంతపురం, ఇద్దరు పిల్లల తల్లి:

చెల్లీ, నీ మాట చదివాక మా పాప గురించే ఆలోచిస్తున్నాను. కూలి గంటల ప్రకారం అన్నది ఈ చర్చలో నాకు అన్నిటికన్నా పనికొచ్చే మాట. వేసవిలో ఉపాధి పనికి తెల్లవారుజామునే బయలుదేరాలి. తొమ్మిదిన్నరకు తెరిచే కేంద్రం నాకు ఉన్నా లేనట్టే.

సార్, మీ భయం నాకు అర్థమైంది. భత్యం తల్లి పేరున కాక, బిడ్డను నిజంగా చూసుకుంటున్నవారి పేరున, తండ్రైనా అవ్వైనా సరే, ఇవ్వాలని అడిగితే ఆ ముద్ర పడదు. నేను భత్యాన్ని పూర్తిగా వదులుకోలేను. మా బాబులాంటి పిల్లలను ఎండాకాలం అనంతపురం రోడ్ల మీద రోజూ తిప్పడం సాధ్యం కాదు. వారికి ఇల్లే కేంద్రం.

పని జరిగే చోట ఐదుగురు లేదా అంతకుమించి చిన్నపిల్లలు ఉంటే వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. పిల్లల్ని చూసుకోవడం కూలి ఇవ్వదగిన పనే అని అక్కడ ఒప్పుకున్నవారు, పదేళ్లొచ్చినా పసివాడిలాగే చూసుకోవలసిన బిడ్డ దగ్గర మాత్రం వయసు చూసి ఆగిపోవడం న్యాయం కాదు.

సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వాలనుకుంటున్నాను. వేసవిలో భవిత కేంద్రాలను ఆయాలతో తెల్లవారుజాము నుంచి తెరిచి ఉంచాలని, కదల్చలేని పిల్లల సంరక్షకులకు 24వ సెక్షను కింద భత్యం మంజూరు చేయాలని అందులో రాస్తాను. మేడం, ఒక కేంద్రానికి ఎందరు ఆయాలు అవసరమో మీరు చెబితే ఆ లెక్క కూడా చేరుస్తాను.