ఆ భోజనాల గది సీను చదువు చెప్పడమా, చెయ్యి చేసుకోవడమా?

పలాస మాస్టారు:
మొన్న ఆదివారం ‘ద మిరకిల్ వర్కర్’ చూశాను. 1962 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, నిజంగా బతికిన మనుషుల కథ. హెలెన్ కెల్లర్‌కి అప్పటికి ఏడేళ్లు కూడా నిండలేదు, చూపూ వినికిడీ లేవు. అందరి కంచాల్లోనూ చెయ్యి పెట్టి తింటుంది, అడ్డొస్తే తంతుంది. ఇరవయ్యేళ్ల టీచరమ్మ యానీ సలివాన్ ఇంట్లోవాళ్లని బయటికి పంపేసి, తలుపేసి, చెంచాతో తినేదాకా పిల్లని వదలదు. కొడితే తిరిగి కొడుతుంది కూడా. చివరికి గదంతా చిందరవందర, పిల్ల మాత్రం నేప్‌కిన్ మడత పెట్టింది! ఆవిడ చేసింది ముమ్మాటికీ ఒప్పే అంటాను. ఇప్పుడు మేం గట్టిగా కసిరినా సాయంత్రానికి గేటు దగ్గర పంచాయితీ, పిల్లల్ని కొట్టడం, వేధించడం కూడదనే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చూపిస్తారు. మీరేమంటారు?

టెక్కలి నాన్న:
మాస్టారూ, ఆవిడకి ఒక్కర్తే పిల్ల. మీకు క్లాసు నిండా పిల్లలు. పోలిక ఎలా కుదురుతుంది? మావాణ్ణి లెక్కలు రాలేదని ఒకాయన కొట్టారు. లెక్కలు రాలేదు గానీ, రోజూ బడి టైముకి కడుపునొప్పి రావడం మొదలైంది.

కోట జంక్షన్:
మా విజయనగరంలో గురుశిష్యులంటే గిరీశం, వెంకటేశమే కదండీ. ఒక్క దెబ్బ వెయ్యకుండా చుట్ట కాల్చడం నేర్పేశాడు మహానుభావుడు :)

బొబ్బిలి టీచరమ్మ:
భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలతోనే నా పని, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను. ఆ చెంపదెబ్బ సినిమావాళ్లు కల్పించింది కాదు. గిల్లినప్పుడల్లా కొట్టానని యానీయే ఉత్తరంలో రాసింది. నా పేచీ నీళ్ల పంపు సీనుతో. సినిమాలో హెలెన్ భోజనాల బల్ల దగ్గర మళ్లీ గొడవ చేస్తుంది, నీళ్లు పారబోస్తుంది. జగ్గు నింపించడానికి యానీ పంపు దగ్గరికి ఈడ్చుకెళ్తుంది. అక్కడ పిల్లకి ‘నీళ్లు’ అనే మాట తెలుస్తుంది. 1887 ఏప్రిల్ 5న యానీ రాసిన ఉత్తరంలో ఆ గొడవే లేదు. పొద్దున్న మొహం కడుక్కుంటూ నీళ్లని ఏమంటారో తెలుసుకోవాలనుకున్నది పిల్లే. తర్వాత పంపు దగ్గర ఒక చేతిమీద నీళ్లు పడుతుంటే, రెండో చేతిలో యానీ తన వేళ్లతో ఆ మాట అక్షరాలు ఒక్కొక్కటే గుర్తులుగా పెట్టింది. కుస్తీ అయిన వెంటనే పంపు చూపిస్తే కుస్తీ వల్లే చదువొచ్చిందనుకుంటాం మరి. అది స్క్రీన్‌ప్లే మహిమ.

ఆ వారంలోనే ఆవిడ పద్ధతి ప్రకారం పాఠాలు చెప్పడం మానేసింది. చంటిపిల్ల చెవిలో మాట్లాడినట్టే ఈ పిల్ల చేతిలో మాట్లాడతానంది. మన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారూ అంతే. సవర పిల్లలకి చదువు చెప్పడానికి ముందు తనే సవర నేర్చుకున్నారు, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. మా దగ్గరికొచ్చే ‘మొండి’ పిల్లల్లో చాలామందికి తమకేం కావాలో చెప్పే దారి లేదు, అంతే.

పలాస మాస్టారు:
అమ్మా, ఉత్తరాలే సాక్ష్యమైతే మార్చి 20 నాటిది కూడా చూడండి. తోటలోని చిన్న ఇంట్లో పిల్లని అమ్మానాన్నలకి దూరంగా ఉంచాక, రెండు వారాల కిందటి అడివి పిల్ల నెమ్మదస్తురాలైందని సంబరపడింది. ఇది పంపు కన్నా ముందు సంగతే కదా. చదువైనా ప్రేమైనా పిల్ల మనసులోకి వెళ్లేది విధేయత అనే గుమ్మంలోంచేనని కూడా ఆవిడే రాసింది. దానికేమంటారు?

బొబ్బిలి టీచరమ్మ:
అదీ చదివాను మాస్టారూ. అక్కడ పిల్లకి దూరమైంది ఇంట్లోవాళ్ల గారాబం. అంత కట్టడి నేనూ పెడతాను, చెంచా పట్టుకునేదాకా ఓపిగ్గా కూర్చోబెడతాను, ఏడ్చినా సరే. చెయ్యి మాత్రం ఎత్తను. యానీ పగలూ రాత్రీ ఆ పిల్లతోనే ఉంది. గంట కొట్టగానే బయటికొచ్చేసే మనం ఆవిడ దగ్గర ఆ దెబ్బ ఒక్కటే అరువు తెచ్చుకుంటే ఎలాగండీ?

పలాస మాస్టారు:
గంట కొట్టాక కూడా ఉండిపోయే మాస్టార్లు మా మండలంలో ఉన్నారమ్మా. అందర్నీ ఒకే గాటన కట్టకండి.

టెక్కలి నాన్న:
టీచరమ్మా, వేరే సంగతి. మా అక్క కూతురికి నాలుగేళ్లొచ్చాయి, ఇంకా మాట లేదు. బడిలో చేర్చాకే మీ దగ్గరికి తీసుకురావాలా?

బొబ్బిలి టీచరమ్మ:
బడిదాకా ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, ఈ వారమే.