ఎక్స్‌రే, సీటీ టెక్నీషియన్ అవ్వాలంటే డిప్లొమానా, బీఎస్సీనా?

ప్రశ్న (ముమ్మిడివరం)

మా తమ్ముడు ఇంటర్ బైపీసీ పాసయ్యాడండి, పదిహేడేళ్లు. స్కానింగ్ టెక్నీషియన్ అవుతానంటున్నాడు. రెండేళ్ల డీఎంఐటీ (మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ) డిప్లొమా ఉంది, బీఎస్సీ ఇమేజింగ్ ఉంది. దగ్గర్లో ఒక సెంటర్ వాళ్లయితే ఆరు నెలల్లో ‘ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్’ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. వీటిలో ఏది నయం? రేడియేషన్ అని అమ్మ భయపడుతోంది, అదీ చెప్పండి.

జవాబు (కాకినాడ, సీటీ విభాగం)

ఆ ఆరు నెలలది వద్దండి. అల్ట్రాసౌండ్‌లో ఒంటిమీద ఆనించే ప్రోబ్ మన దేశంలో డాక్టరు చేతిలో ఉండాల్సిందే. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద రిజిస్టరైన సెంటర్లో, అర్హత ఉన్న డాక్టరే స్కాన్ చేయాలి. టెక్నీషియన్‌కి ఆ పని నేర్పుతామంటే, చేయకూడని పనికి ఫీజు తీసుకుంటున్నట్టే.

మిగతా రెండూ మంచివే. ఇంట్లో త్వరగా జీతం రావాలంటే డిప్లొమా. అయితే అది పారామెడికల్ బోర్డు గుర్తించిన కాలేజీ అయ్యుండాలి. రేడియోగ్రాఫర్ పోస్టుల నోటిఫికేషన్లలో బోర్డు రిజిస్ట్రేషన్ అడుగుతారు. బీఎస్సీ అయితే మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. తర్వాత ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా అదే దారి. కోనసీమలో గల్ఫ్ ఆలోచన లేని ఇల్లు తక్కువ కాబట్టి ఇదీ చెబుతున్నా: సౌదీలో రెండేళ్ల డిప్లొమా వాళ్లు టెక్నీషియన్ వర్గం, నాలుగేళ్ల డిగ్రీ వాళ్లు స్పెషలిస్ట్ వర్గం. అక్కడివాళ్లు సర్టిఫికెట్ నిజమా కాదా అని ఇచ్చిన సంస్థనే నేరుగా అడుగుతారు. గుర్తింపు లేని కాగితం అక్కడే ఆగిపోతుంది.

జవాబు (రాజమండ్రి)

కోర్సు పేరు కన్నా ఆసుపత్రిలో ఎంత పని దొరుకుతుందన్నదే నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఫీజు కట్టే ముందు ఓపీ రద్దీగా ఉండే ఉదయం పూట ఎక్స్‌రే గది దగ్గర ఒక గంట నిలబడండి. పేషెంటును నిలబెట్టేది, ఎక్స్‌పోజర్ (కిరణాల మోతాదు) పెట్టేది సీనియర్ల పర్యవేక్షణలో విద్యార్థులేనా, లేక వాళ్లు పేర్లు రాసుకుంటూ కూర్చుంటున్నారా? సీటీ, ఎమ్మారై అదే ఆవరణలో ఉన్నాయా, ఒక్కో విద్యార్థిని ఎన్ని వారాలు అక్కడ వేస్తారు? ఈ రెండూ గట్టిగా అడగండి.

రెండో ఏడాది విద్యార్థి కనబడితే ఛాతీ పీఏ, అంటే కిరణాలు వీపు వైపు నుంచి పంపి తీసే ఎక్స్‌రే గురించి అడిగి చూడండి. ఎక్స్‌రే ట్యూబుకీ ఫిల్ముకీ మధ్య దూరం 180 సెంటీమీటర్లు ఎందుకు? దగ్గర నుంచి తీస్తే గుండె పెద్దదిగా పడుతుంది కాబట్టి. నిలబడలేని పేషెంటుకి పడుకోబెట్టి 100 సెంటీమీటర్లలో ఏపీ (కిరణాలు ముందు వైపు నుంచి) తీస్తే, ఫిల్ముపై ‘ఏపీ’ అని గుర్తు పెట్టాలి. పెట్టకపోతే లేని గుండె జబ్బు ఉన్నట్టు చదివేస్తారు. ఊపిరి నిండా పీల్చి బిగబట్టించాలి. రెండు మెడ ఎముకల లోపలి కొసలూ వెన్నుపూసకి సమాన దూరంలో ఉంటే మనిషి పక్కకి తిరగలేదని అర్థం.

ఇంకోటుంది. డిజిటల్‌లో మోతాదు ఎక్కువైనా బొమ్మ తెరమీద చక్కగానే వస్తుంది. అందుకే తప్పు కళ్లకి కనబడదు, మోతాదు ఎంత పడిందో సూచించే ఎక్స్‌పోజర్ ఇండెక్స్ అంకె చూసే అలవాటు చేయించాలి. అది నేర్పని చోట చదివినవాళ్లు పేషెంటుకి ఏళ్లతరబడి అనవసరపు రేడియేషన్ ఇస్తూనే ఉంటారు.

జవాబు (భీమవరం)

అమ్మగారి భయానికి జవాబు టీఎల్‌డీ బ్యాడ్జి, అంటే పనిచేసేవాళ్లకి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే బ్యాడ్జి. పద్ధెనిమిది నిండనివాళ్లని రేడియేషన్ పనిలో ఉద్యోగానికి పెట్టుకోకూడదు. పదహారు దాటితే శిక్షణకి మాత్రం తీసుకోవచ్చు, ఏడాదికి 6 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ మోతాదు కొలత) హద్దులో. పెద్దవాళ్లకి ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదు. మీ తమ్ముడికి తన పేరు మీదే బ్యాడ్జి ఇస్తారా అని కాలేజీని అడగండి. యంత్రానికి ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు ఉందో లేదో కూడా చూడండి.

బ్యాడ్జిని ఛాతీ దగ్గర, కిరణాల్ని ఆపే లెడ్ (సీసం) ఏప్రాన్ లోపల పెట్టుకోవాలి. చాలామంది ఏప్రాన్‌కే తగిలించి ఎక్స్‌రే గదిలో వదిలేస్తారు. దాంతో మనిషికి తగలని మోతాదు కాగితం మీద పడి, సంజాయిషీ రాయాల్సొస్తుంది.

ఎమ్మారైలో రేడియేషన్ లేదు గానీ అయస్కాంతం రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది, స్కాన్ జరగనప్పుడు కూడా. మామూలు ఆక్సిజన్ సిలిండర్ లోపలికెళ్తే బాణంలా ఎగిరెళ్తుంది. మొలతాడు, తాయెత్తు, మెట్టెలు, హెయిర్‌పిన్నులు అన్నీ తీయించాలి. బోట్లకి వెల్డింగ్ చేసేవాళ్లొస్తే కంట్లో ఇనుప రజను ఎప్పుడైనా పడిందా అని అడగాలి. పడిందంటే ముందు కంటి ఎక్స్‌రే తీసి, డాక్టరు సరేనన్నాకే లోపలికి.

ప్రశ్న అడిగినవారు

ఆయ్, చాలా థాంక్సండి. సోమవారం ఉదయం తమ్ముణ్ణి తీసుకుని కాకినాడ వెళ్లి ఎక్స్‌రే గది దగ్గర నిలబడి చూస్తాం. బ్యాడ్జి సంగతి అక్కడే అడుగుతాం.

జవాబు (కాకినాడ, సీటీ విభాగం)

వెళ్లేటప్పుడు ఇంటర్ మార్కుల మెమో, టెన్త్ మెమో, కుల, నివాస ధ్రువపత్రాల జిరాక్సులు రెండేసి సెట్లు పట్టుకెళ్లండి. ఒరిజినల్స్ మాత్రం అడ్మిషన్ ఖాయమయ్యేదాకా ఎవరి చేతికీ ఇవ్వకండి.