ఆటోమేటిక్ చార్జర్‌తో ఇంట్లోనే కారు బ్యాటరీ చార్జింగ్: వాడినవాళ్లు చెప్పండి

కూకట్‌పల్లి_కారు:
అందరికీ నమస్కారం. మాది పెట్రోల్ కారు, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత చార్జ్ పడుతుందో చెప్పే కొలత) బ్యాటరీ, కొని రెండేళ్లు కూడా నిండలేదు. ఆఫీసుకు మెట్రోలో వెళ్తాను కాబట్టి కారు పదిహేను రోజులకోసారి కదులుతుంది, అంతే. మూడు నెలల్లో నాలుగుసార్లు డౌన్ అయింది. తాళం తిప్పితే టక్ టక్ మంటుంది తప్ప సెల్ఫ్ తీసుకోదు. ప్రతిసారీ పక్క ఫ్లాట్ వాళ్ల కారుతో జంప్ పెట్టించుకోవాలంటే మొహమాటంగా ఉంది. పోయినవారం అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన పొద్దునే ఇలా అయ్యేసరికి చాలా టెన్షన్ పడ్డాను. అందుకే 4 ఆంప్స్ ఆటోమేటిక్ చార్జర్ కొన్నాను. ఇంకా వాడలేదు. రాత్రి పెట్టి పొద్దున తీసేస్తే చాలా? బ్యాటరీని కారులోంచి బయటికి తీయాలా? సెల్లార్‌లో పెట్టడం సురక్షితమేనా?

తణుకు_బ్యాటరీలు:
తమ్ముడూ, నాది బ్యాటరీల షాపు, ఇరవై ఏళ్లు దాటింది. చార్జర్ కొని మంచి పని చేశావు. పాత ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్లు మనం తీసేదాకా కరెంటు ఎక్కిస్తూనే ఉంటాయి. మర్చిపోతే లోపల నీళ్లు ఇంకిపోయి ప్లేట్లు దెబ్బతింటాయి. ఆటోమేటిక్‌ది మొదట పూర్తి ఆంప్స్ ఇస్తుంది. బ్యాటరీ 14.4 వోల్టుల దగ్గరికి రాగానే వోల్టేజీని అక్కడ ఆపి, ఆంప్స్ తగ్గించుకుంటూ వస్తుంది. నిండాక 13.6 దగ్గరికి దిగి అలా కాపాడుతూ ఉంటుంది. రాత్రంతా వదిలేయొచ్చు అనేది ఇందుకే. బ్యాటరీ బయటికి తీయక్కర్లేదు.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తాను. చార్జర్ ఆటోమేటిక్ అయినంత మాత్రాన గ్యాస్ రాకుండా పోదు. నిండే దశలో లెడ్ యాసిడ్ బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే అంటుకోవడానికి చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి రవ్వ బ్యాటరీ దగ్గర పుట్టకూడదు. ముందు గోడ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకో. ఎర్ర క్లిప్పు ప్లస్‌కి పెట్టు. నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి పెట్టకు. బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీదో బాడీ మీదో పెయింట్ లేని బోల్టుకి పెట్టు. ఆ తర్వాతే స్విచ్ వెయ్యి. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపు, తర్వాత నల్లది తీయి, చివర్లో ఎర్రది. బోనెట్ తెరిచే ఉంచు. సెల్లార్‌లో గాలి ఆడే చోటైతే ఇబ్బంది లేదు. మూసేసిన చిన్న షెడ్డులో మాత్రం వద్దు.

నెల్లూరు_నుంచి:
పైన అన్న చెప్పిన వరస అక్షరాలా పాటించండి. మా బాబాయి పాత చార్జర్ స్విచ్ ఆపకుండానే క్లిప్పు లాగారు. చిటుక్కున రవ్వ, ఆ వెంటనే టపాకాయ పేలినట్టు చప్పుడు. బ్యాటరీ పైమూత పగిలి యాసిడ్ మీద చిమ్మింది. దేవుడి దయవల్ల కళ్లజోడు ఉంది. కుళాయి కింద పావుగంట మొహం కడిగించాం, తర్వాత ఆస్పత్రికి వెళ్లాం, కళ్లకు ఏమీ కాలేదు. ఆ రోజు ఆయన చొక్కా చూస్తే మామూలుగానే కనిపించింది. ఉతికి ఆరేశాక చూస్తే ముందువైపంతా జల్లెడలా చిల్లులు. ఆ చొక్కా పిన్ని ఇంకా పారేయలేదు, మా ఇంట్లో ఎవరు బోనెట్ ఎత్తినా తెచ్చి చూపిస్తుంది.

ఇంకోటి, ఉంగరం, స్టీలు చైను వాచీ తీసి జేబులో పెట్టుకోండి. ప్లస్‌కీ బాడీకీ మధ్య స్పానర్ అడ్డంగా పడితేనే క్షణాల్లో కాలిపోతుంది. అదే ఉంగరమైతే వేలి సంగతి ఆలోచించండి.

పల్సర్_పిల్లోడు:
అన్నా, ఇదే 4 ఆంప్స్ చార్జర్ బైక్‌కి పెట్టొచ్చా? మాది 5 ఏహెచ్, సీల్డ్.

తణుకు_బ్యాటరీలు:
4 ఆంప్స్ మీద పెట్టొద్దు బాబూ. ఏహెచ్‌లో పదో వంతు ఆంప్స్ అనేది మా లెక్క. 35 ఏహెచ్‌కి మూడున్నర, నీ 5 ఏహెచ్‌కి అర ఆంప్. చాలా చార్జర్లలో బైక్ బొమ్మ ఉన్న మోడ్ ఉంటుంది, ఒక ఆంప్ లోపే ఇస్తుంది, అది వాడుకో. సీల్డ్ బ్యాటరీ మూత ఊడదీసి నీళ్లు పోసే ప్రయత్నం మాత్రం చెయ్యకు. బ్యాటరీ లిథియం అయితే దానికి లిథియం మోడ్ ఉన్న చార్జరే కావాలి.

మిన్నెసోటా_మామయ్య:
నేను ఏటా జనవరిలో ఐదు వారాలు విజయవాడ వస్తాను. ఇక్కడ అమెరికాలో మా గరాజ్‌లో కారుకి చార్జర్ తగిలించే వస్తాను, ఎనిమిదేళ్లుగా ఇబ్బంది లేదు. చలిదేశంలో ఉన్న మనవాళ్లకి ఒక హెచ్చరిక. నిండా చార్జ్ ఉన్న బ్యాటరీ మైనస్ 50 డిగ్రీలకి కూడా గడ్డకట్టదు. పూర్తిగా డౌన్ అయినది మైనస్ 10 లోపే గడ్డకడుతుంది. ప్రక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి చార్జర్ పెట్టొద్దు, పేలే ప్రమాదం ఉంది.

కూకట్‌పల్లి బాబూ, మీ చార్జర్ మీద మంచుపువ్వు గుర్తున్న మోడ్ ఉందేమో చూడండి. అది చలికాలానికీ, కొన్ని ఏజీఎమ్ (యాసిడ్‌ని గాజుపీచు పొరల్లో పీల్చి ఉంచే రకం) బ్యాటరీలకీ, 14.7 దాకా పోతుంది. మా ఊరికి అది సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో మామూలు బ్యాటరీకి అది పెడితే నీళ్లు ఇంకిపోతాయి. మీరు కారు బొమ్మ ఉన్నదే నొక్కండి.

కరీంనగర్_ట్రాక్టర్:
మా ఊళ్లో కరెంటు పోయి వస్తుంటుంది. నా చార్జర్ కరెంటు వచ్చాక మళ్లీ మొదలవ్వదు, స్టాండ్‌బైలో కూర్చుంటుంది. రాత్రంతా ఎక్కిందనుకుని పొద్దున నాటుకి పోదామంటే ట్రాక్టర్ లేవలేదు. కూలీలు వచ్చి గట్టు మీద కూర్చున్నారు, ఆ బాధ నాకే తెలుసు. కొన్ని మోడళ్లు పాత మోడ్ గుర్తుపెట్టుకుంటాయి. మీది ఎలాంటిదో మొదటి రోజే ఒకసారి స్విచ్ ఆపి, వేసి చూసుకోండి.

కూకట్‌పల్లి_కారు:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మొదలుపెట్టే ముందు మల్టీమీటర్ పెడితే 11.6 వోల్టులు వచ్చింది. రాత్రి ఏడింటికి మీరు చెప్పిన వరసలోనే పెట్టాను. పొద్దున ఎనిమిదికి పచ్చ లైటు వెలిగింది. కానీ ఇలా వారానికోసారి పెట్టుకుంటూ పోవాలా?

తణుకు_బ్యాటరీలు:
అస్సలు వద్దు. 12 కిందికి మాటిమాటికీ దిగితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, కొత్త బ్యాటరీ కూడా ముసలిదవుతుంది. చార్జర్ తీసిన వెంటనే వచ్చే రీడింగ్ నమ్మకు, మూడు నాలుగు గంటలాగి చూడు. 12.6 నుంచి 12.7 ఉంటే బ్యాటరీ నిండింది. ఎంత ఎక్కించినా 10.5 దగ్గరే ఆగిపోయి బ్యాటరీ వేడెక్కుతోందంటే ఒక సెల్ పోయినట్టు, మార్చాల్సిందే. లోపలి ఆరు సెల్స్‌లో ఒక్కోటి రెండు వోల్టుల పైచిలుకు కాబట్టి లెక్క అక్కడే తెలిసిపోతుంది. ఇక రీడింగ్ బాగుండి కూడా వారంలో పడిపోతుంటే కారే లాగేస్తోంది. ఇగ్నిషన్‌లోంచి తాళం బయటికి తీసి, తలుపులు వేసి, అరగంటాగి మైనస్ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటర్‌ని 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి చూడు. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకు, మీటర్‌లోని ఫ్యూజు పోతుంది. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌తో చూపించు.

కూకట్‌పల్లి_కారు:
ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించాను. నాలుగు గంటల తర్వాత బ్యాటరీ 12.7 ఉంది. కానీ ఆపేసిన కారు 0.22 ఆంప్స్ లాగుతోంది. అంటే రోజుకి అయిదు ఏహెచ్ పైనే. 35 ఏహెచ్ బ్యాటరీ వారంలో ఖాళీ. ఒక్కో ఫ్యూజు తీసి చూస్తే డాష్‌క్యామ్ దగ్గర దొరికింది, పార్కింగ్‌లో కూడా రికార్డ్ చేస్తోందట. దాని వైరు మార్పించాక 0.02 కి దిగింది. ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఇప్పుడే కిందికి వెళ్లి చూసి వచ్చాను, 12.5 ఉంది, ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ కొట్టి వచ్చాం.

పల్సర్_పిల్లోడు:
సూపర్ అన్నా. డాష్‌క్యామ్ వైరు ఎక్కడికి మార్పించారు? మా నాన్న కారులోనూ అదే ఉంది.

కూకట్‌పల్లి_కారు:
తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజుకి. మా కారులో సిగరెట్ లైటర్ ఫ్యూజు అలాంటిదే, మీ దాంట్లో టెస్టర్ పెట్టి చూసుకున్నాకే మార్చండి.