చిన్న హాల్ల కచేరీ: ముందు వరుసల పాట మాటలు ఎందుకు వినపడవు? చెవులల్ల ఏం పెట్టుకోవాలె?

పానగల్లు గట్టు:
నల్లగొండల సొంత పాటలు కట్టే బ్యాండ్లు ఫంక్షన్ హాల్ పై అంతస్తుల కచేరీ పెడితే పోతుంటా. హాల్ 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు ఉంటది. కింద మార్బుల్, ఒక పక్క మొత్తం అద్దాల కిటికీలు. జనం 70 మంది దాక వస్తరు. రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్, ఒక్కోసారి డప్పు, కిన్నెర. స్టేజీకి అటొకటి ఇటొకటి స్టాండు మీద 12 అంగుళాల స్పీకర్లు, వాటి కింద సబ్బులు (బేస్ పలికే సబ్‌వూఫర్ డబ్బాలు).

అడిగేది మూడు ముచ్చట్లు. స్టేజీకి ఆనుకొని నిలబడితే డ్రమ్స్, గిటార్ బాగ వినపడ్తయి గని పాట మాటలు ఒక్కటి అర్థం కావు. వెనకకు పోతే అంతా కలగాపులగం. అసలు ఎక్కడ నిలబడాలె? రెండోది, ఇంటికొచ్చినంక చెవులు గుయ్యిమంటయి, దూది పెట్టుకుంటే సరిపోతదా? మూడోది, కిన్నెర వాయిస్తున్నట్టు కనపడ్తది గని వినపడది, ఎందుకు?

మిక్సర్ కాడ:
తమ్మీ, మొదటి దానికి జవాబు స్పీకర్ల జాగలనే ఉన్నది. డ్రమ్స్, గిటార్ ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ డబ్బా) స్టేజీ మీది నుంచే నేరుగ నీ చెవుల పడ్తయి. గొంతుకు అసొంటి తొవ్వ లేదు, అది స్పీకర్లల్ల నుంచే రావాలె. ఆ స్పీకర్లేమో నీకు అటూ ఇటూ, నీ కంటే ముందటికి, జనం దిక్కు తిరిగి ఉన్నయి. స్టేజీకి ఆనుకున్నోళ్లు వాటి వెనక పడ్తరు. సన్నటి శబ్దం, అంటే మాటను తేటగ చేసే పై స్థాయి శబ్దం, టార్చిలైటు లెక్క ముందటికే పోతది, వెనకకు వచ్చేది దుమ్ దుమ్ మాత్రమే.

ఇగ వెనక ఎందుకు కలగాపులగమంటే, మాట అర్థమయ్యేది హల్లులతోని. స, త, ప, క అసొంటివి బలం తక్కువ, చిటుక్కున అయిపోతయి. అచ్చులకు బలమెక్కువ. మార్బుల్, అద్దం, సున్నపు గోడ శబ్దాన్ని మింగవు, తిప్పి కొడ్తయి. అట్ల ఒక అచ్చు సాగి సాగి తర్వాత వచ్చే హల్లు మీద పడి దాన్ని కప్పేస్తది. అప్పుడు వాల్యూం పెంచితే ప్రతిధ్వని గూడ అంతే పెరుగుతది, మాట మాత్రం తేటగ కాదు. "మైక్ పెంచు అన్నా" అని మొత్తుకుంటే ఫాయిదా లేనిది అందుకే.

నువ్వు చెప్పిన కొలతల హాల్ల అయితే ఏదో ఒక స్పీకర్‌కు ఎదురుంగ, దానికి 12 నుంచి 15 అడుగుల దూరంల నిలబడు. ఆడ స్పీకర్ నుంచి నేరుగ వచ్చేది గోడలకు కొట్టుకొని వచ్చే దానితోని ఇంక పోటీ పడగల్గుతది. 6 అడుగుల లోపలికి మాత్రం పోకు. హాల్ నట్టనడుమ కూడ మంచిది కాదు, రెండు సబ్బుల బేస్ ఆడ కలిసి ఉబ్బుతది. గోడకు ఆనుకున్నా, మూలకు నిలబడ్డా బేస్ ఇంక ఎక్కువైతది. మిక్సర్ టేబుల్ మంచి జాగల పెట్టి ఉంటే దాని పక్కకే నిలబడు, ఆపరేటర్ ఆడ వినుకుంటనే లెవెల్స్ పెడ్తడు. మిక్సర్‌ను స్టేజీ పక్క మూలకు నూకిన హాల్ల మటుకు ఈ చిట్కా పనికిరాదు.

నిర్వాహకులు తెలిసినోళ్లయితే ఇవి చెప్పు:

స్పీకర్ పై భాగంల ఉండే, సన్నటి శబ్దం పలికే హారన్ నిలబడ్డోళ్ల తలల కంటే పైకి, ఏడడుగుల దాక ఉండాలె. లేకుంటే ముందు వరుస మనుషులే సన్నటి శబ్దాన్ని మింగుతరు.

స్టేజీకి ఎదురు గోడకు టెంట్ హౌస్ జంఖానాలు, మందపు దుప్పట్లు కట్టాలె. గోడకు అతికించినట్టు కాదు, నాలుగంగుళాలు ఎడం ఇడిసి, మడతలు మడతలుగ. షామియానా గుడ్డ పలుచన, దానితోని పెద్దగ ఒరిగేదేం లేదు. జంఖానా కూడ బేస్‌ను ఆపది, హల్లులను మాత్రం కాపాడ్తది.

గిటార్ ఆంప్ నేల మీద పెడితే శబ్దం వాయించేటోని మోకాళ్లకు తగుల్తది. తనకు వినపడ్తలేదని పెంచుకుంట పోతడు, ముందటోళ్ల చెవులు పోతయి. కుర్చీ మీద పెట్టి, వాని మొఖం దిక్కు వంచితే తనే తగ్గిస్తడు. ఈ ఒక్క పనితోనే సగం తేడా కనపడ్తది.

ఇంకొకటి, ఖాళీ హాల్ల సౌండ్ చెక్ చేసి గదే సెట్టింగు ఉంచేస్తరు. 70 మంది వచ్చినంక హాల్ మారిపోతది, ఒంటి మీది బట్టలు సన్నటి శబ్దాన్ని గుంజుకుంటయి. మొదటి పాట అయ్యేలోపల మళ్ల సరి చెయ్యాలె.

చెవి డాక్టరమ్మ:
దూది వద్దు. అది ఆపేది చాలా తక్కువ, పైగా రక్షణ ఉందన్న భ్రమతో స్పీకర్‌కు ఇంకా దగ్గరగా వెళ్తారు.

మెడికల్ షాపులో దొరికే నురగ ప్లగ్గులు మేలు. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి పెట్టాలి. అది ఉబ్బే వరకు అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగమే లోపలికి వెళ్తే పెట్టుకుని లాభం లేదు. వీటితో ఒక చిక్కుంది: సన్నని శబ్దాలను ఎక్కువ తగ్గిస్తాయి కాబట్టి పాట దుప్పటి చాటు నుంచి విన్నట్టు ఉంటుంది. తరచుగా వెళ్లేవాళ్లు సంగీతకారులు వాడే ఫిల్టర్ ప్లగ్గులు కొనుక్కోవడం మంచిది. అవి అన్ని శబ్దాలనూ దాదాపు సమానంగా తగ్గిస్తాయి.

లెక్క ఇలా ఉంటుంది. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 94కి గంట, 100కి 15 నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వేదికలకు సూచించిన గరిష్ఠ సగటు కూడా 100 డెసిబెల్సే. మీటర్ లేకపోతే, మూడడుగుల దూరంలోని మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తే 85 దాటినట్టే అనుకోండి. ఫోన్ యాప్ చూపే అంకెను అంచనాగానే తీసుకోండి. ప్రతి అరగంటకూ బయటికి వచ్చి పది నిమిషాలు చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

గుయ్యిమనడం మరుసటి రోజుకు తగ్గాలి. రెండు రోజులు దాటినా ఉంటే ఈఎన్‌టీ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఒక చెవి హఠాత్తుగా వినపడకపోతే మాత్రం ఆ రోజే వెళ్లాలి. ఆలస్యమైన కొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది.

పిల్లలమర్రి నీడ:
కిన్నెర సంగతి నేను చెప్త. పాలమూరు దిక్కు వాద్యం కదా, దాన్ని గిటార్ లెక్క చూస్తే వినపడది. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది 12 మెట్ల కిన్నెర మీదనే. వెదురుకు కట్టిన సొరబుర్రలే దానికి స్పీకర్లు. గాయకుని గొంతుకు తోడుగ పలికే వాద్యం అది, డ్రమ్స్ పక్కన పెడితే దాని బలం సరిపోది.

చాలా మంది చేసే తప్పు, మైకును తీగల మీద మీటే చెయ్యి కాడ పెట్టుడు. గోరు టకటక వినపడ్తది, నాదం రాదు. మైకును బుర్ర దిక్కు తిప్పి 6 అంగుళాల దూరంల పెట్టాలె. మిక్సర్ మీది లో-కట్ (బేస్‌ను కోసేసే) బటన్ నొక్కాలె. లేకుంటే బోలుగ ఉన్న బుర్ర మానిటర్ (వాయించేటోళ్లు వినేటందుకు స్టేజీ మీద పెట్టే స్పీకర్) బేస్‌ను పట్టుకొని గూఁ అని కూత పెడ్తది. మానిటర్ పెట్టే జాగ గూడ మైకును బట్టే ఉంటది. మామూలు కార్డియాయిడ్ మైకుకు వెనక నుంచి వచ్చేది సరిగ్గ వినపడది, కాబట్టి మానిటర్ దాని వెనక సూటిగ ఉండాలె. సూపర్ కార్డియాయిడ్ అయితే వెనక కొంచెం వింటది, మానిటర్‌ను పక్కకు జరపాలె.

డప్పుకు ఆ హాల్ల మైకే అక్కర లేదు. కిన్నెర మైకుకు వెనక దిక్కు నిలబెట్టాలె, అంతే. చల్లటి తేమ గాలికి తోలు జారుతది. కచేరీకి ముందు కింద వాకిట్ల మంట పెట్టి కాపుకొని రావాలె, నడుమ విరామంల ఇంకోసారి.

పానగల్లు గట్టు:
అన్నా, అక్కా, మంచిగ సమజైంది. ఫోన్ల రికార్డు చేస్తే బేస్ కాడ పగిలిపోతది, దానికేమన్న ఉన్నదా?

మిక్సర్ కాడ:
పగిలేది రికార్డయ్యేటప్పుడే, తర్వాత ఏ యాప్ సరిచెయ్యది. ఇన్‌పుట్ గెయిన్ (మైక్ శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలె అన్నది) తగ్గించే సౌకర్యమున్న రికార్డింగ్ యాప్ పెట్టు, ఎక్కువ శబ్దమప్పుడు యాప్ మీటర్ల లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండ చూసుకో. సబ్బుకు ఎదురుంగ నిలబడకు. ఫోన్ కింద ఉన్న మైక్ రంధ్రాన్ని అరచెయ్యితోని మూస్తున్నవేమో గూడ చూడు.