అప్‌డేట్: గుంటూరులో మా ఇంటి మూల కుంగి గోడ పగిలిన సమస్య తీరింది

రెండు గదుల మా ఇంటి వెనక మూల కుంగి, కిటికీ కింద గోడ ఏటవాలుగా పగిలిందని వానాకాలంలో అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

బాత్రూంలో నీలిమందు కలిపిన నీళ్లు పోసి చూడమన్న సలహాయే దారి చూపింది. పునాది పక్కన గుంత తీయించి పోస్తే, గంటలోపే అందులోకి నీలం నీళ్లు ఊరాయి. ఇంజనీరు గారు వచ్చి, నేల కింద పైపు జాయింట్ ఊడిందని తేల్చారు. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిచ్చి కుంచించుకుపోతుంది. ఒక్క మూలే ఏడాదంతా నాని, మెత్తబడి బరువు ఆపలేకపోతుంటే ఇల్లు సమంగా ఎలా నిలుస్తుంది? డాబా మీది వాననీళ్లు కూడా సరిగ్గా అక్కడే పడుతున్నాయి.

ముందు పైపు మార్చాం. పునాది కింద అంతా ఒకేసారి తవ్వకుండా, మీటరు చొప్పున విడతలుగా తవ్వి కాంక్రీటు వేశారు. పక్కన నల్లమట్టి తీసి ఎర్ర గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టారు. ఇంటి చుట్టూ బయటికి వాలుగా గచ్చు, డాబా నీళ్లకు కాలువదాకా పైపు ఆఖరున వేశారు.

మొదట అనుమానించిన వేపచెట్టుకు, పక్కింటి బోరుకు దీనితో సంబంధం లేదు. చెట్టు కొట్టించనందుకు మా అమ్మ ఎంత సంతోషించిందో! పగులు మీద సిమెంటు మాత్రం తొందరపడి పూయకండి. గోడ ఇంకా కదులుతుంటే పగిలేలా, మేము పగులుకు అడ్డంగా గాజు ముక్క అతికించి మూడు నెలలు చూశాం, అది పగల్లేదు. నిన్ననే గోడ పగులు పూడ్పించాం.