‘వెధవ’ అనే మాట మీద ఒక డౌటు (మూడు డ్రాఫ్టుల తర్వాత)

అందరికీ నమస్తే. ఎమ్మేలో స్త్రీవాద విమర్శ పేపర్ కోసం ఏదైనా ఒక్క మాట మీద రాసుకురమ్మంటే నేను ‘వెధవ’ తీసుకున్నా. ఈజీ అనుకున్నా, విధవే వెధవ అయింది, మగాణ్ణి తిట్టాలన్నా మొగుడు పోయినదాని పేరే కావాల్సొచ్చింది, ఛీ ఈ సమాజం, అయిపోయింది. రెండు పేజీల కోపం. మా మేడమ్ మార్జిన్లో ఒక్కటే రాశారు, "ఎవరు, ఎవర్ని, ఏ గొంతుతో?" మార్కులు కూడా వెయ్యలేదు.

సరే అని ఇంట్లో చెవి పెట్టి విన్నా. ఆ మాట ఎక్కువ వాడేది మా అమ్మమ్మే! ముప్ఫై దాటకుండానే తాతయ్య పోయారు, ఆవిడేమో రోజూ మా తమ్ముణ్ణి "వెధవా, అన్నం చల్లారిపోతోంది రారా" అని పిలుస్తుంది. తిట్టు అందామంటే అందులో ముద్దుంది, ముద్దే కదా అని వదిలేద్దామంటే అదే అమ్మమ్మ పెళ్ళిళ్ళలో పీటల దగ్గరికి రాదు, వెనక వంటల దగ్గరే ఉండిపోతుంది. రెండో డ్రాఫ్టులో తీర్పులన్నీ కొట్టేసి ఈ రెండూ పక్కపక్కన పెట్టా.

మూడోసారి వ్యుత్పత్తి వెతికా. మనకి చెప్పేది వి + ధవ, అంటే ధవుడు (మొగుడు) లేనిది అని కదా. కానీ లాటిన్ విదువా, ఇంగ్లీషు విడో, మన విధవ అన్నీ ఒక మూలం లోవేననీ, ధవ అనేదాన్ని తర్వాత విధవలోంచే విడగొట్టుకున్నారనీ భాషాశాస్త్రం వాళ్ళంటారు. అంటే విధవ ముందు, ధవుడు తర్వాత! సీతాధవుడు అని ఎన్ని పద్యాల్లో చదివుంటాం. వేదాల్లో మాటలకి వ్యుత్పత్తులు చెప్పే పాత పుస్తకం, యాస్కుడి నిరుక్తంలో కూడా విధవకి వణకడం, పరిగెత్తడం లాంటి వేరే వ్యుత్పత్తులిచ్చి ధవ సంగతి చివర్లో చెప్తాడు, మనం పట్టుకున్నది ఆ చివరిదే.

నా డౌటు: ఇది మగాళ్ళకి ఎలా అంటుకుంది? ముండాకొడుకు లాగా ‘వెధవ కొడుకు’ అని ఉండి కొడుకు రాలిపోయిందా?

— అతిగా ఆలోచిస్తున్నారేమో అండీ. మా వైపు ‘ఎదవ’ అంటాం, అనేవాడికి విధవ గుర్తుంటుందా ఏంటి?

— గుర్తుండదు సార్, ఒప్పుకుంటా. కానీ భార్య పోయినాయన్ని విధురుడు అనాలని నిఘంటువులో ఉంది, "ఒరేయ్ విధురా" అని ఎవరైనా తిట్టగా విన్నారా?

— 😄 లేదండీ.

— అమ్మాయ్, ఆ ఫస్ట్ డ్రాఫ్టు పారెయ్యకు. గురజాడ 1897లో అచ్చేసిన కన్యాశుల్కాన్నే 1909కి దాదాపు తిరగరాశారు, మధురవాణి అంత మనిషైంది ఆ రెండోదాంట్లోనే. రెండు ప్రతులూ ఉన్నాయి కాబట్టే అది మనకి కనపడుతోంది.

— దాచానండీ మేడమ్. నిన్న అమ్మమ్మకి మొత్తం చదివి వినిపించా. ధవుడి దగ్గర నవ్వింది, పీటల వాక్యం రాగానే "అది కొట్టేయ్" అంది. ఎందుకే అంటే "నన్నెవరూ రావద్దన్లేదు, నేనే వెళ్ళను, అలా రాయి." సోమవారం ఇచ్చెయ్యాలి, ఆ లైను ఇంకా అలాగే ఉంది, ఆవిడన్నది కూడా కిందే పెన్సిల్‌తో రాసుకున్నా.