మొదటి బ్రిడ్జి పోటీలో మూడుసార్లు డైరెక్టర్ వచ్చారు, మూడూ నా వల్లే. ఎక్కడ తప్పానో చెప్పండి

పాలకొల్లు కుర్రాడు:
అందరికీ నమస్కారమండి. బ్రిడ్జి నేర్చుకుని ఎనిమిది నెలలైంది. "పోటీకి వెళ్తున్నా" అంటే మా నాయనమ్మ "చించినాడ బ్రిడ్జి మీద పోటీలేంట్రా" అంది. పేకాట అని చెబితే ఇంకో గొడవని ఊరుకున్నాను. పోయిన ఆదివారం మావయ్యతో జతకట్టి డూప్లికేట్‌లో (అన్ని బల్లలవాళ్లూ అవే చేతులు ఆడే పోటీ) కూర్చున్నాను. 24 బోర్డుల్లో, అంటే 24 చేతుల్లో, మూడుసార్లు డైరెక్టర్ (నిబంధనలు చూసి తీర్పు చెప్పేవారు) మా బల్ల దగ్గరికి వచ్చారు.

మొదటిది రివోక్, అంటే అడిగిన రంగు చేతిలో ఉండీ వేరే రంగు వేయడం. అవతలివాళ్లది 4 ఇస్పేట్లు, అంటే ఇస్పేటు తురుపుగా 13 ట్రిక్కుల్లో (పట్టుల్లో) 10 గెలుస్తామన్న ఒప్పందం. డిక్లేరర్ (ఆ ఒప్పందం ఆడేవాడు) డైమను ఆసు ఆడితే, నా దగ్గర డైమన్లు లేవనుకుని తురుపు మూడుతో కొట్టాను. ట్రిక్కు మాకే వచ్చింది. మూడు ట్రిక్కుల తర్వాత చూస్తే, ఆఠీన్ల మధ్యలో డైమను ఆరు! మాకు మొత్తం 4 ట్రిక్కులొచ్చి, వాళ్లు ఒకటి డౌన్ అవ్వాలి. డైరెక్టర్ 2 ట్రిక్కులు వాళ్లకిచ్చేశారు. నేను తినేసింది ఒక్క ట్రిక్కే కదా, రెండెందుకు?

రెండోది బిడ్డింగ్‌లో (ఎన్ని ట్రిక్కులు గెలుస్తామో వేలంపాటలా చెప్పుకోవడం): మావయ్య 1 డైమను తెరిచారు, నా కుడిపక్కాయన 2 ఇస్పేట్లు అన్నారు. నేను దాన్ని 1 ఇస్పేటనుకుని 2 ఆఠీన్ల బిడ్ కార్డు పెట్టాను. ఆఠీను కంటే ఇస్పేటు పై రంగు కాబట్టి అది చాలదని తెలియగానే టెన్షన్‌లో ఆ కార్డు లాగేసి పాస్ పెట్టేశాను. అప్పుడు డైరెక్టర్‌ని పిలిచారు. ఆయన మావయ్యని ఆ బోర్డులో ఇక పాస్ తప్ప ఏమీ అనకూడదన్నారు. మావయ్య చేతిలో 17 పాయింట్లు (పెద్ద ముక్కల విలువ), అంటే బలమైన చేయి. భోజనాల దాకా నాతో మాట్లాడలేదు.

మూడోది మాత్రం నిజంగా బాధేసింది. ఎడమవైపు 1 ఇస్పేటు, మావయ్య చాలాసేపు ఆలోచించి పాస్, కుడివైపు 2 ఇస్పేట్లు. నా చేతిలో 8 పాయింట్లు, ఐదు డైమన్లు. 3 డైమన్లు అన్నాను, ఒప్పందం నెగ్గింది. డైరెక్టర్ అది కొట్టేసి, వాళ్లు 2 ఇస్పేట్లు ఆడినట్టు స్కోరు మార్చారు. మమ్మల్ని దొంగాటగాళ్లంటున్నారా?

భీమవరం పెద్దాయన:
బాబూ, రివోక్ అంటే 2 ట్రిక్కులు. అంతే, వాదన లేదు. ముక్కలు సర్దుకోవడం నేర్చుకో.

కాకినాడ నుంచి (పోటీలకు డైరెక్టర్‌గా ఉంటాను):
పెద్దవారు కోప్పడకండి, ఎప్పుడూ రెండు కాదు. రివోక్ చేసినవాడి ముక్కే ఆ ట్రిక్కు గెలిస్తే ఆ ట్రిక్కూ, ఆ తర్వాత వాళ్ల జట్టు గెలిచినవాటిలో ఇంకొకటీ పోతాయి. కుర్రాడి తురుపే గెలిచింది, తర్వాత కూడా గెలిచారు, కాబట్టి రెండు. అతని ముక్క గెలవకపోతే, ఆ ట్రిక్కు నుంచి చివరిదాకా జట్టు గెలిచినవాటిలో ఒక్కటే పోతుంది. ఏమీ గెలవకపోతే ఏమీ పోదు. నష్టాన్ని తూకం వేసి ఇచ్చే పరిహారం కాదది. అవి ఇచ్చాక కూడా అవతలివాళ్లకి ఇంకా నష్టం మిగిలిందంటే డైరెక్టర్ పైన ఇంకా ఇస్తాడు. వాళ్లు నాన్ వల్నరబుల్ (బోనస్సులూ జరిమానాలూ తక్కువుండే స్థితి) అయితే మీకు రావలసిన 50 పోయి వాళ్లకి 450 వెళ్లి ఉంటుంది, అవునా?

పాలకొల్లు కుర్రాడు:
ఆయ్, అంతేనండి. 450.

కాకినాడ నుంచి:
మీరు తురుపు వేయగానే మావయ్యగారు "డైమన్లు లేవా?" అని అడగవచ్చు. 2007 నిబంధనల నుంచీ డిఫెండర్లు (ఒప్పందాన్ని అడ్డుకునే జట్టు) ఒకరినొకరు అడగవచ్చని ఉంది. మీ జట్టులో ఎవరూ తర్వాతి ట్రిక్కుకి ముక్క వేయకముందే తెలిస్తే రివోక్ ఖాయం కాదు. డైమను ఆరు వేస్తారు, తురుపు మూడు పెనాల్టీ ముక్కై బల్ల మీద ముఖం పైకి ఉంటుంది, వేయడానికి వీలైన మొదటిసారే దాన్ని వేయాలి. 2 ట్రిక్కులు పోవడం కంటే చాలా చవక.

ఇక రెండో సంగతి. ఇందులో పొరపాటుది చిన్న పాలు, కంగారుది పెద్ద పాలు. చాలని బిడ్ పెడితే ముందు మీ ఎడమపక్కవారికి దాన్ని ఒప్పుకునే హక్కుంది. ఒప్పుకుంటే ఏమీ జరగనట్టే బిడ్డింగ్ సాగుతుంది. ఒప్పుకోకపోతే మీరు 3 ఆఠీన్లు అంటే చాలు, మావయ్యగారి నోరు మూతపడదు. దాదాపు అదే అర్థమిచ్చే వేరే బిడ్ ఉన్నా ఒప్పుకోవచ్చు, అది డైరెక్టర్ చూసి తేలుస్తాడు. ఈ దారులన్నీ ఆయన వచ్చి బల్ల దగ్గర చెప్పాక ఎంచుకోవాలి. మీరు ఆయన రాకముందే పాస్ పెట్టారు. ఎడమపక్కవారు 2 ఆఠీన్లు ఒప్పుకోలేదు కాబట్టి ఆ పాసే ఖాయం. పాస్‌కీ 2 ఆఠీన్లకీ పోలిక లేదు గనక పార్ట్‌నర్ ఆ బోర్డంతా మౌనం.

అమలాపురం నుంచి:
మధ్యలో ఒక మాట. బిడ్ కార్డుల పెట్టె లోంచి వేలికి పక్క కార్డు తగిలి వచ్చిందనుకోండి, పార్ట్‌నర్ బిడ్ చెప్పేలోపు, గమనించిన వెంటనే, డైరెక్టర్‌ని పిలిచి ఉచితంగా మార్చుకోవచ్చు. చెయ్యి జారిందా, బుర్ర జారిందా అన్నదే తేడా. మనవాడు 2 ఆఠీన్లు పెట్టాలనే పెట్టాడు, కాబట్టి ఇది రెండోది. చెయ్యి జారితే నేనూ బతికిపోయాను, బుర్ర జారిన రోజు మాత్రం 6 నోట్రంపులు (తురుపు లేకుండా 12 ట్రిక్కులు) ఆడాల్సి వచ్చింది.

పాలకొల్లు కుర్రాడు:
మూడోదో అండి?

కాకినాడ నుంచి:
దొంగాట అని ఎవరూ అనలేదు, డైరెక్టర్ కూడా అనుకుని ఉండరు. సంక్రాంతికి లంకల్లో కొబ్బరిచెట్ల కింద వేసుకునే ఆటలో దగ్గూ, కనుసైగా, "అబ్బా ఏం చేతిరా" అనడమూ ఆటలో భాగమే. ఇక్కడ పార్ట్‌నర్ నుంచి అందే కబురు బిడ్లూ ముక్కలే. మావయ్యగారు ఆలోచించడం తప్పు కాదు, ఆలోచించడానికే ఆట. కానీ ఆ ఆలస్యం వల్ల ఆయన చేతిలో ఏదో ఉందని మీకు తెలిసిపోయింది. 8 పాయింట్లతో మూడో మెట్టుకి వెళ్లకుండా పాస్ అనేవాళ్లు చాలామంది ఉంటారు. పాస్ కూడా సబబైన దారే అయినప్పుడు, ఆ ఆలస్యం చూపించిన దారి పట్టకూడదు. మీరు ఆ ఆలస్యాన్ని గమనించలేదన్నా తీర్పు మారదు, ఎందుకంటే డైరెక్టర్ మీ మనసు చూడడు, అదే చేతిని మీ స్థాయి వాళ్లకి చూపిస్తే ఏమంటారో చూస్తాడు. 13 పాయింట్లూ ఆరు మంచి డైమన్లూ ఉండి ఉంటే ఆ 3 డైమన్లు నిలిచేది.

భీమవరం పెద్దాయన:
కాకినాడ వారు చెప్పిన రివోక్ లెక్క పుస్తకం తీసి చూశాను. ఆయనదే సరి. నలభై ఏళ్లుగా రెండేసి ఇచ్చుకుంటున్నాం.

పాలకొల్లు కుర్రాడు:
అందరికీ వందనాలండి. మావయ్య అప్పీలు చేద్దామంటున్నారు.

కాకినాడ నుంచి:
నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, స్కోర్లు చూసుకోవడానికి పెట్టిన దగ్గర్నుంచి 30 నిమిషాలే. ఇవాళ గురువారం.

పాలకొల్లు కుర్రాడు:
ఆ మాటే చెప్పాను, నవ్వేశారు. రాత్రి మా అరుగు మీద సాధన పెట్టారు. ఎరుపు పక్కన నలుపు, మళ్లీ ఎరుపు, అలా సర్దమన్నారు. పదకొండో చేతిలో మళ్లీ ఆఠీన్ల పక్కనే డైమన్లు పెట్టుకున్నాను. ఇస్పేటుతో కొట్టబోతుంటే "డైమన్లు లేవా?" అన్నారు మావయ్య. రెండున్నాయి.